పళ్ళ పిన్ని పోత పోసిన విమానం

మా పిన్ని ఎవరితో మాట్లాడినా ముందు చూసేది వాళ్ళ కళ్ళలోకి కాదు, నోట్లోకి. అది ఆమె పని తెచ్చిన అలవాటు. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిని బట్టి కట్టుడు పళ్ళూ, పంటి మీద తొడుగులూ, వాటిని నోట్లో కదలకుండా పట్టి ఉంచే సన్నటి లోహపు చట్రాలూ తయారుచేసేది. మందుల కొట్టు పైన ఆమె పనిగది. అక్కడికి వెళ్ళే మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. వీధిలో పెద్దవాళ్ళకు ఆమె పళ్ళక్క, పిల్లలందరికీ పళ్ళ పిన్ని. నాకు మాత్రం సొంత పిన్నే, అమ్మకు చెల్లెలు.

“ఈ వీధిలో సగం నవ్వులు నా చేతి మీదుగా వెళ్ళినవే. మిగతా సగం కూడా ఎప్పటికైనా నా దగ్గరికి రావలసినవే” అనేది.

సెలవుల్లో ఆ పనిగది కిటికీ దగ్గర కూర్చుని చూసేదాన్ని. ముందు మైనంతో కావలసిన ఆకారం చెక్కేది. దాని చుట్టూ సున్నంలాంటి తెల్లటి ముద్ద పోసి గట్టిపడనిచ్చేది. ఆ గడ్డను కొలిమిలో పెడితే లోపలి మైనమంతా కాలిపోయి, దాని ఆకారంలో ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోసేది. చల్లారాక పైపెంకు పగలగొట్టి, ఆకురాయితో సాపు చేసి, మెరుగు పట్టేసరికి పూటంతా గడిచేది. వెంట్రుకంత తేడా వచ్చినా నోరు ఒప్పుకోదనేది. “కన్ను సర్దుకుంటుంది, చెవి సర్దుకుంటుంది. నాలుక ఉంది చూశావూ, అది మాత్రం చచ్చినా సర్దుకోదు.”

పిన్ని ఊళ్ళోవాళ్ళ నోళ్ళకు పళ్ళు కడుతుంటే, బాబాయేమో నోట్లో నాలుక లేని మనిషి. విమానాల మెకానిక్. విమానాలంటే జనం ఎక్కే పెద్దవి కావు. పొలాల మీద పురుగుమందు చల్లే ఒక చిన్న కంపెనీ ఉండేది, వాళ్ళ దగ్గర పాతకాలపు విమానం ఒకటి ఉండేది. రెక్కలు ఒకదాని మీద ఒకటి రెండు వరసలు. ముక్కు దగ్గర తొమ్మిది సిలిండర్లు పువ్వు రేకుల్లా చుట్టూ పేర్చిన ఇంజను. మెకానిక్‌లంతా దాన్ని ‘ముసలమ్మ’ అనేవారు. మందు చల్లే కాలంలో బాబాయి దాని వెంటే తిరిగేవాడు. మట్టి నేల మీద, దాని రెక్క కిందే చాప పరుచుకుని పడుకునేవాడు. ఏ నట్టు ఎంత బిగించాలో, ఏ గొట్టం ఏ కాలంలో కారుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. ఆయన మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

కాలం మారింది. ముసలమ్మకు పని తగ్గింది. కంపెనీ చేతులెత్తేసి దాన్ని తుక్కు కింద అమ్మేసింది. గ్యాసు మంటతో ముక్కలు కోసేటప్పుడు తోక ఊగకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పని బాబాయికే పురమాయించారు. పట్టుకున్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడట.

“ఏమైందండీ?” అని పిన్ని అడిగింది.

“తోక పట్టుకున్నాను” అన్నాడు. అంతే. ఎవరెన్ని అడిగినా చాలా రోజులు ఆ ఒక్క మాటకు మించి పెగల్లేదు.

తర్వాత ఒక ఉదయం సన్నటి చెక్క పట్టీలు, జిగురు, గాజుకాగితం తెచ్చుకుని ముందుగదిలో నేల మీద పరిచాడు. అసలు విమానంలో అయిదో వంతు సైజులో ముసలమ్మను మళ్ళీ కడతానన్నాడు. అయిదో వంతంటే చిన్నదేమీ కాదు. రెక్కలు విప్పితే గది ఈ గోడ నుంచి ఆ గోడకు వస్తుంది.

“మరి మనం ఎక్కడ కూర్చోవాలి?” అంది పిన్ని.

“దాని కింద” అన్నాడు బాబాయి. ఆయన జోకు వేయగా నేను విన్నది అదే మొదటిసారి.

చెక్క పని ఆయనకు పట్టుబడింది. పక్కటెముకల్లాంటి చెక్కలు ఒక్కొక్కటీ కోసి, అతికించి, గుడ్డ తొడిగాడు. చిక్కొచ్చింది లోహపు పని దగ్గరే. నూనె డబ్బాల రేకు కత్తిరించి తోకచక్రం పట్టుకునే కొమ్మ చేశాడు. చేసిన మనిషికే దాన్ని చూస్తే మొహం చిన్నబోయింది. పిన్ని చూసి ఫక్కున నవ్వింది.

“నవ్వు నాలుగు విధాల చేటంటారు” అని బాబాయి మూతి ముడుచుకున్నాడు.

“మరి ఇది ఎన్ని విధాల చేటండీ? చక్రం దీని మీద ఆనితే కాగితంలా నలిగిపోతుంది.”

ఆయన ఆ పూట సరిగ్గా తినలేదు. పిన్ని మర్నాడు ఆ రేకు ముక్క పనిగదికి పట్టుకెళ్ళింది. దాన్ని చూసుకుంటూ మైనంలో మళ్ళీ చెక్కింది. పళ్ళ చట్రాలకు వాడే లోహంతోనే పోత పోసింది. రెండు వేళ్ళంత ఉన్న ఆ కొమ్మకు చీల పట్టే రంధ్రం, పక్కన పొంగు, గ్రీజు పెట్టే చిన్న మొటిమ అన్నీ దిగాయి. తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. బాబాయి దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. వారం పాటు ఎక్కడికెళ్ళినా అది జేబులోనే ఉంది. కూరగాయల కొట్టులో చిల్లర తీయబోతే అదే చేతికొచ్చేదట.

అలా పిన్ని ఆ విమానంలో దిగింది. కందకు లేని దురద కత్తికెందుకని మా అమ్మ వేళాకోళం చేసేది. “పగలంతా పళ్ళు, పొద్దుగూకితే ఇనుము. నీకు నడుం వాల్చే ఆలోచన లేదా?” అంటే, “పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అక్కా” అనేది పిన్ని.

బాబాయి దగ్గర విమానం కొలతల పటాలేమీ లేవు. కంపెనీతో పాటే అవీ పోయాయి. ఉన్నవి రెండు పాత ఫోటోలు. వాటిలో మెకానిక్‌లంతా భుజాలు కలిపి ఇంజనుకు సరిగ్గా అడ్డంగా నిలబడ్డారు. “మీరంతా కాస్త పక్కకు తప్పుకుని ఉంటే నా పని ఎంత సులువయ్యేదో” అని పిన్ని ఆ ఫోటోలను కోప్పడేది. కాబట్టి కొలతలన్నీ ఆయన తలలోంచే రావాలి. ఆయన చెప్పేవాడు, ఆమె మైనంలో చెక్కేది, ఆయన వేలితో తడిమి “ఇక్కడ ఇంకొంచెం పల్లం” అనేవాడు.

ఇంజనుకు పట్టినంత కాలం దేనికీ పట్టలేదు. ఒక్కో సిలిండరు చుట్టూ గాలి తగలడానికి పల్చటి వలయాలుంటాయి. మైనపు రేకులను పెద్దదీ చిన్నదీ ఒకదాని మీద ఒకటి పేర్చి మొదటి నమూనా చేసింది. దాన్నుంచి రబ్బరు అచ్చు తీసి తొమ్మిది మైనపు సిలిండర్లు పోసుకుంది. పళ్ళ లోహంతో పోస్తే ముక్కు బరువెక్కిపోయింది.

“ఎగిరేది కాదు కదండీ, బరువైతే ఏం?” అంది పిన్ని.

బాబాయి ముఖం వాడిపోయింది. “ఎగరదు. కానీ ఎగరలేనిది చెయ్యకూడదు” అన్నాడు.

సరేనని పిన్ని అల్యూమినియం వైపు మళ్ళింది. ఆమె పనిలో దాని అవసరం ఎప్పుడూ పడలేదు. అది ఎంత వేడికి కరుగుతుందో, ఎంత తొందరగా బిగుసుకుంటుందో కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట పోసినవన్నీ చిమ్మెటలు కొట్టిన ఉన్నిగుడ్డలా చిల్లులు పడ్డాయి. వలయాల అంచులదాకా లోహం పాకేది కాదు. చెడినవన్నీ కరిగించి మళ్ళీ పోసింది. ఆఖరికి ఒక సాయంత్రం పెంకు పగలగొడితే అంచులన్నీ నిండుగా, గోరు పెడితే టింగుమనేలా వచ్చింది. ఇద్దరూ ఆ సిలిండరును భోజనాల బల్ల మీద నిలబెట్టుకుని, దాన్ని చూస్తూ అన్నం తిన్నారు. ఆ ఇంట్లో అంతకన్నా మంచి రోజులు నేను చూడలేదు.

నవ్వులకూ కొదవ ఉండేది కాదు. ఒకసారి బాబాయి గుమ్మంలో నిలబడి ఫోనులో, “ముసలమ్మ మోకాలు ఇవాళ అయిపోతుందోయ్. రేపు రెండో కాలు విరిచి చూడాలి” అని గట్టిగా చెబుతున్నాడు. పక్కింటావిడ విని హడలిపోయింది. తెల్లారగానే వచ్చి, “మీ అత్తగారు ఊరి నుంచి వచ్చారా పళ్ళక్కా? పెద్దావిడ్ని ఎందుకలా…” అని నసిగింది. పిన్ని ఆమెను లోపలికి తీసుకొచ్చి చక్రాల కాళ్ళు చూపించేదాకా నమ్మలేదు.

ఫోనుకు అవతల ఉన్నది అగ్గిపుల్ల మామయ్య. బాబాయితో కలిసి పనిచేసిన మెకానిక్. పేరు అగ్గిపుల్ల గానీ మనిషి బీరువాలా ఉంటాడు, కుర్చీలో కూర్చుంటే కుర్చీ మూలిగేది. ఆదివారాలు వచ్చి తయారైన భాగాలన్నీ చూసేవాడు. “బావా, చెల్లెమ్మ చేతిలో పడ్డాక ముసలమ్మకు వయసు తగ్గింది” అనేవాడు.

తేడా మొదట కనిపించింది పొగగొట్టం దగ్గర. ఇంజను పొగ బయటికొచ్చే గొట్టం కుడివైపుంటుందని బాబాయి చెప్పాడు. పిన్ని రాగి గొట్టాన్ని కాల్చి, వంచి, టంకం పెట్టి బిగించింది. మర్నాడు ఆయన దాన్ని చూసి గయ్‌మన్నాడు.

“ఇటువైపు ఎవరు పెట్టమన్నారు? ఎడమవైపు కదా!”

“మీరే కదండీ, నిన్న కుడి అన్నారు.”

“నేనా? దాని కింద పడుకున్నవాణ్ణి నేనా నువ్వా?”

బాబాయి అంత గొంతు ఎత్తడం ఆ ఇంటి గోడలు కూడా ఎరగవు. ఆదివారం అగ్గిపుల్ల మామయ్య వచ్చి, పిన్ని వైపూ బాబాయి వైపూ చూసి, మెల్లగా “కుడివైపే బావా” అన్నాడు. బాబాయి నవ్వేసి, “అదే నేనూ చెప్పింది” అన్నాడు. పిన్ని నవ్వలేదు. తర్వాత తాళం చెవులు రేకుల డబ్బాలో దొరికాయి. మా ఇల్లు రెండిళ్ళ అవతలే అయినా, మా ఇంటికి బయల్దేరిన మనిషి సందు చివర నిలబడి కనిపించాడు.

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆయన ఇది ఏ నెల అని, మీ వీధి పేరేమిటని అడుగుతూ పోయాడు. బాబాయి కాసేపు పైకి చూసి, “డాక్టరుగారూ, మీ ఫ్యాను బేరింగు పోయింది. ముందు అది చూపించుకోండి” అన్నాడు. నిజంగానే అది కిర్రుమంటోంది. డాక్టరు నవ్వాడు. తర్వాత పిన్నిని బయటికి పిలిచి చెప్పాడు: “ఇది వెనక్కి మళ్ళే జబ్బు కాదమ్మా. కొత్త సంగతులు ముందు పోతాయి. పాతవి ఇంకొంత కాలం ఉంటాయి.”

పిన్ని ఆ మాట పట్టుకుంది. ఇంటికొచ్చాక అమ్మతో, “అక్కా, విమానం పాతదే కదా, కొన్నాళ్ళు ఉంటుంది. నేను ఇంకా పాత. ఆ విమానం కంపెనీలోకి రాకముందే నేను ఆయన ఇంట్లోకొచ్చాను. ఆ వరసలో చూస్తే నేను దాని తర్వాతే పోవాలి” అంది. అమ్మ ఆమె తల నిమిరింది.

ఆ తర్వాత పిన్ని పనిలో తొందర మొదలైంది. పళ్ళ పని సగానికి తగ్గించుకుంది. బాబాయికి మాటలు తడబడుతున్నా చేతులు తడబడడం లేదని ఆమే కనిపెట్టింది. పంపు ఎలా ఉంటుందని అడిగితే ఆయన నోరు తెరిచి, మాట కోసం వెతుక్కుని, విసుక్కునేవాడు. అందుకని అడగడం మానేసింది. మైనాన్ని గోరువెచ్చటి నీళ్ళలో మెత్తబరిచి, ఆయన చేతిలో పెట్టి, “విమానం కడుపు కింద మందు తోడే పంపు” అనేది. ఆయన వేళ్ళు వాటంతటవే కదిలేవి. గాలికి తిరిగే బుల్లి పంకా, దాని వెనక గుండ్రటి గది, బిగించే చెవులు అన్నీ వచ్చేవి. పిన్ని ఆ మైనాన్ని అంచులు మాత్రం సరిచేసి, పోత పోసేది. అగ్గిపుల్ల మామయ్య చూసి, “అచ్చం ఇదే చెల్లెమ్మా! ఈ చెవి మీద గీత కూడా ఉండేది. నేనే సుత్తి జారవిడిచాను” అని కళ్ళు తుడుచుకున్నాడు.

అలా చక్రాల కీళ్ళు వచ్చాయి, రెక్కల మధ్య తీగలు బిగించే మరలు వచ్చాయి, పైలట్ ముందుండే పలకలో ఎడమవైపు మీటలు వచ్చాయి.

ఒక ఆదివారం బాబాయి చేతిలోంచి కొత్త ముక్క ఒకటి వచ్చింది. వంకర తిరిగిన కొక్కెం. దాని నోటికి అడ్డంగా, తెరిచి మూసే చిన్న నాలుక. అగ్గిపుల్ల మామయ్య దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

“ఇది ఎక్కడిది బావా?”

“గట్టిగా ఉండాలి. జారకూడదు” అన్నాడు బాబాయి.

“ఏది జారకూడదు? మందు డ్రమ్మా?”

బాబాయి కుడిచెయ్యి గాల్లోకెత్తి మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపాడు. “ఇట్లా… ఇట్లా అన్నప్పుడు జారకూడదు.”

పిన్ని టీ గ్లాసులతో లోపలి నుంచి వచ్చింది. కొక్కెం చూసింది. గ్లాసులున్న పళ్ళేన్ని రెక్క మీదే పెట్టేసింది. ఆ రెక్క మీద కాగితం ముక్క కూడా పెట్టనిచ్చే మనిషి కాదు.

“అది విమానంది కాదు అన్నయ్యా” అంది.

వాళ్ళకు ఒక పాప పుట్టిందని, కూర్చోవడం నేర్చుకునే వయసులో జ్వరమొచ్చి పోయిందని నాకు అమ్మ చెప్పింది, అదీ ఆ రోజు రాత్రి. అప్పటిదాకా నాకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఉయ్యాల కొక్కెం కొట్టులో దొరికేది నమ్మకంగా లేదని బాబాయే తన షెడ్డులో కమ్మీ వంచి చేశాడట. ఊగేటప్పుడు ఉయ్యాల జారిపోకుండా దానికి నాలుక పెట్టాడట. పాప పోయాక దాన్ని ఎవరు తీసేశారో, ఎక్కడ పారేశారో ఎవరికీ గుర్తు లేదు. ఆయన వేళ్ళకు మాత్రం గుర్తుంది.

పిన్ని ఆ కొక్కేన్ని కూడా మిగతా వాటిలాగే పోత పోసింది. ఒక్క గీత మార్చలేదు. మెరుగు పట్టి తెచ్చి ఆయన చేతికిచ్చింది. బాబాయి నాలుక తెరిచి మూసి, వేలు తగిలించి గట్టిగా లాగి చూశాడు. “ఆఁ, ఇది ఆగుతుంది” అన్నాడు. పిన్ని “ఆగుతుందండీ” అని దాన్ని కొంగు చివర ముడి వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత దాన్ని ఎక్కడ దాచిందో నేను అడగలేదు.

ఆ పై నెలల్లో మైనంలోంచి వచ్చేవి క్రమంగా గాడి తప్పాయి. కొన్ని సగం విమానానివి, సగం మరి దేనివో. పిన్ని వాటినీ పోసింది. కొన్నిటిని విమానానికి బిగించింది కూడా. “ఇది ఇట్లా ఉండదేమో చెల్లెమ్మా” అని అగ్గిపుల్ల మామయ్య నసిగితే, “ఉండనీ అన్నయ్యా” అనేది. ఒకసారి బాబాయి కుర్చీలోంచి లేవబోయి పై రెక్క పట్టుకున్నాడు. అది పటుక్కుమని విరిగింది. ఆయన భయపడి, చిన్నపిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “ఎవరిదిది? ఎవరైనా తిడతారా?” అని అడిగాడు. “ఎవరూ తిట్టరు. మనదే” అంది పిన్ని. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు అదే వారం ఆమె చేతికి కొలిమి సెగ తగిలి బొబ్బ లేచింది. ఆ చేత్తోనే రెక్క అతికించింది.

ఒక మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. బాబాయి కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పిన్ని బల్ల దగ్గర ఏదో చిన్న ముక్కను ఆకురాయితో సాపు చేస్తోంది. ఆయన చాలాసేపు ఆమె చేతులవైపే చూశాడు.

“మీరిక్కడ కొత్తగా చేరారామ్మా?” అన్నాడు.

ఆకురాయి ఆగింది. “అవునండీ” అంది పిన్ని.

“చెయ్యి బాగుంది. ఆకురాయిని ముందుకే తోస్తున్నారు. చాలామంది వెనక్కీ ముందుకీ రుద్దేస్తారు, చెప్పినా వినరు.”

“ఎవరో నేర్పారండీ.”

“మా ఆవిడ కూడా ఇలాంటి పనే చేస్తుంది. పళ్ళు చేస్తుంది.” కాస్త ముందుకు వంగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. “ఏమీ అనుకోకండి. ఆమె చేతిలో ఉన్న నాణ్యం మీకింకా రాలేదు.”

“అంత బాగా చేస్తుందా?”

“దాని చెయ్యి పడితే ఇనుము కూడా మాట వింటుంది. నేనెప్పుడూ చెప్పలేదులెండి. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుందని.” బాబాయి నవ్వాడు. చాలా కాలానికి నవ్వాడు.

“చెప్పాల్సింది” అంది పిన్ని.

“చెబుతాను. సాయంత్రం ఇంటికెళ్ళగానే చెబుతాను.”

“మర్చిపోకండి మరి.”

“ఎందుకు మర్చిపోతాను?” అన్నాడు.

పిన్ని మళ్ళీ ఆకురాయి తీసుకుంది. నేను గ్లాసులు కడిగే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. కొళాయి కింద చేతులు పెట్టుకుని, నీళ్ళు అలా పోతుంటే చూస్తూ, “ఈ ఇంట్లో సవతి పోరు లేదనుకున్నానే ఇన్నాళ్ళూ” అంది. “ఇప్పుడు నాకు నేనే సవతినయ్యాను.” నవ్వబోయింది. నవ్వు రాలేదు. నా భుజానికి తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఆ సాయంత్రం పిన్ని తినిపించింది తిని బాబాయి నిద్రపోయాడు.

చలికాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. మింగిన నీళ్ళు కూడా దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయన్నారు. ఆస్పత్రిలో చేర్చారు. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం పిన్ని దగ్గర లేదు. సన్నటి ఇత్తడి గొట్టం కావాలని బజారుకెళ్ళింది. అది అప్పటికప్పుడు కావలసినదేమీ కాదు, ఆ మంచం పక్కన ఊరికే కూర్చోలేక వెళ్ళింది. ఆమె కాగితంలో చుట్టిన గొట్టంతో తిరిగొచ్చేసరికి అగ్గిపుల్ల మామయ్య వార్డు తలుపు బయట నిలబడి ఉన్నాడు. అంత పెద్ద మనిషి తలుపంతా మూసేసి నిలబడ్డాడు, ఆమె ఒక్కసారిగా చూడకూడదని. “పక్కకు జరుగు అన్నయ్యా” అంది పిన్ని. ఆయన జరిగాడు.

ఆ తర్వాత ఆమె విమానం మీద దుప్పటి కప్పేసి పళ్ళ పనికే వెళ్ళేది. ఏడాది పైగా అలాగే గడిచింది. ఆమెకు ఏదైనా ఊతం దొరకాలని నేనే వెతికి వెతికి అదే రకం విమానం ఇంకో దేశంలో భద్రంగా ఉందని కనిపెట్టాను. లోపలా బయటా తీసిన ఫోటోలు బోలెడున్నాయి. పైలట్ ముందు పలకలో బాబాయి చెప్పకుండానే ఉండిపోయిన కుడిసగం కూడా స్పష్టంగా ఉంది.

“పిన్నీ, ఇవిగో చూడు. ఇప్పుడు పూర్తి చెయ్యొచ్చు.”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. తోక దగ్గర ఆగింది. “ఈ పట్టీ మనం తప్పు చేశాం. ఇక్కడ ఒకటే చీల. మనం రెండు పెట్టాం.”

“సరిచేస్తావా?”

“ఎందుకు? ఆయన రెండు పెట్టారు” అని ఫోను నా చేతికిచ్చేసింది. మళ్ళీ అడగలేదు, చూడలేదు.

ఆ వసంతంలో ఆమె ఒకే ఒక్క పని చేసింది. ఆయన బతికుండగా మైనంలో తయారై, పోత పోయకుండా మిగిలిన ముక్కలు ఓ అట్టపెట్టెలో ఉన్నాయి. ఎండకు మెత్తబడి ఆకారం చెడుతుందేమోనని భయం పట్టుకుని, వాటన్నిటినీ పోసింది. కొన్నిటి మీద ఆయన బొటనవేలి గీతలు పడి ఉన్నాయి. లోహంలో కూడా అవి అలాగే దిగాయి. మెరుగు పట్టే చక్రం దగ్గరికి మాత్రం వాటిని తీసుకెళ్ళలేదు. ఎక్కడివో తెలిసినవాటిని విమానానికి బిగించింది. తెలియనివాటిని విడిగా ఉంచింది.

అగ్గిపుల్ల మామయ్య మేనల్లుడు విమాన మెకానిక్‌లకు పాఠాలు చెప్పే బడిలో పనిచేస్తాడు. విమానాన్ని అక్కడ పెట్టుకుంటామని అడిగితే పిన్ని కొన్నాళ్ళు ఊగిసలాడి ఒప్పుకుంది. రెక్కల చీలలు తనే విప్పింది. ఎవరినీ ముట్టనివ్వలేదు. బడిలో ఎత్తైన గదిలో బల్లల మీద దాన్ని మళ్ళీ కూర్చారు. ఆ మేనల్లుడు చుట్టూ తిరిగి చూసి, పైలట్ గదిలోకి తొంగిచూశాడు.

“కుడివైపు ఖాళీగా ఉందేంటమ్మా? మా పిల్లలతో పూర్తి చేయించమంటారా?”

“వద్దు బాబూ” అంది పిన్ని. “ఆయన అక్కడిదాకానే చెప్పారు.”

పిన్ని ఒక మెత్తటి గుడ్డ అడిగి తీసుకుని, మోసుకొచ్చినవాళ్ళ వేలిముద్రలు పడ్డ చోటల్లా ఇంజను తుడిచింది. తర్వాత ఇద్దరం బస్సెక్కి వచ్చేశాం.

ఇంటికొచ్చేసరికి ముందుగది బోసిగా ఉంది. నేల మీద జిగురు మరకలు, గోడ వార ఊడ్చినా పోని లోహపు రజను. ఇప్పుడు అక్కడ నలుగురు హాయిగా కూర్చోవచ్చు, అడ్డంగా నడిచిపోవచ్చు. విమానం ఉన్నన్నాళ్ళూ రెక్క తగలకుండా గోడకు చేరబడి ఒక వారగా నడవాల్సి వచ్చేది. పిన్ని చెప్పులు విప్పి, సంచీ చంకలో పెట్టుకుని, ఆ ఖాళీ గదిలో గోడ వెంటే ఒదిగి ఒదిగి నడిచి వంటింట్లోకి వెళ్ళింది. ఇప్పటికీ అలాగే వెళుతుంది.